కంప్ట్రోలర్‌లో ఆ 'పీ' ఎందుకు? అసలు ఆయన చేసే పనేంటి?

అసెంబ్లీ బడ్జెట్ సమావేశాలు ముగింపుకి వచ్చాయంటే పేపర్లలో 'ప్రభుత్వానికి కాగ్ అక్షింతలు' అనో 'కడిగేసిన కాగ్' అనో ఓ హెడ్డింగ్ పడాల్సిందే. లోపల వార్తలో ఒక్కసారి మాత్రం పూర్తి పేరు, అంటే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ అని రాసి, అక్కణ్నుంచి చివరిదాకా కాగ్ కాగ్ అంటూనే నడిపించేస్తారు. ఇందులో ఆడిటర్ సంగతి అందరికీ తెలిసిందే. మన ఊళ్లో ఇన్‌కంటాక్స్ రిటర్న్ వేసిపెట్టే సీఏని కూడా ఆడిటర్ గారనే పిలుస్తాం. మరి ఆయనకి ముందు నిలబడిన ఈ కంప్ట్రోలర్ ఎవరు? గ్రూప్స్‌కి చదివేవాళ్లు 148వ అధికరణం, ఆరేళ్లు లేదా 65 ఏళ్ల వయసు, ఏది ముందైతే అది, అని బట్టీ పట్టేస్తారు గానీ ఈ మాట దగ్గర ఆగి ఆలోచించేవాళ్లు తక్కువ.

డిక్షనరీ తీస్తే 'ఆర్థిక వ్యవహారాలు చూసే ఉన్నతాధికారి' అనే తరహా అర్థం ఇచ్చి వదిలేస్తుంది. అలా చూస్తే డబ్బు దగ్గర పెట్టుకునే ట్రెజరర్ కూడా అంతే, కంపెనీలో ఆర్థిక విభాగం పెద్ద సీఎఫ్ఓ కూడా అంతే, కాలేజీలో డబ్బు వ్యవహారాలు చూసే బర్సార్ కూడా అంతే. ఈ కలగాపులగమే అసలు సమస్య. వీళ్లందరూ డబ్బు చుట్టూ ఉండేవాళ్లే, కానీ డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది, లెక్క ఎవరు రాస్తారు, ఆ లెక్క సరైనదేనా అని ఎవరు చూస్తారు అన్నవి మూడు వేర్వేరు పనులు. కంప్ట్రోలర్ అన్న పదం పుట్టిందే డబ్బు పట్టేవాడికి ఎదురుగా ఇంకో మనిషిని నిలబెట్టడానికి.

ముందు స్పెల్లింగ్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే గందరగోళం సగం అక్కడే ఉంది. కంట్రోలర్ అని రాయాల్సిన చోట ఎన్ తీసేసి ఎమ్, పీ పెడితే కంప్ట్రోలర్ అవుతుంది. రెండూ వేర్వేరు పదాలు కావు, పుట్టుకతో ఒకటే. పాత ఫ్రెంచిలో 'కాంత్ర్ రోల్' అనేవాళ్లు, లాటిన్‌లో 'కాంత్రా రొటులుస్'. కాంత్రా అంటే ఎదురు, రొటులుస్ అంటే చుట్ట. అప్పట్లో లెక్కలు తోలు కాగితం మీద రాసి చుట్టగా చుట్టి దాచేవాళ్లు, దాన్నే రోల్ అన్నారు. ఉపాధి హామీ పనుల్లో మస్టర్ రోల్ అంటాం చూడండి, ఆఫీసుల్లో పే రోల్ అంటాం, అదే ఈ రోల్. ఒకడు రాసిన రోల్‌కి ఎదురుగా ఇంకొకడు అదే లెక్కని విడిగా ఇంకో రోల్‌లో రాస్తే దాని పేరు ఎదురు చుట్ట, కంట్రోల్. రాసేవాడు కంట్రోలర్.

అంటే అదుపు చేయడం అనే అర్థం తర్వాత వచ్చింది. ముందు కంట్రోల్ అంటే లెక్కని ఇంకో లెక్కతో సరిచూడటమే. షుగర్ కంట్రోల్, పోలీస్ కంట్రోల్ రూం, మన పెద్దవాళ్లు ఇప్పటికీ అనే కంట్రోలు బియ్యం, ఇవన్నీ ఆ పద్దు పుస్తకంలోంచి నడుచుకుంటూ వచ్చిన మాటలే.

మరి పీ ఎక్కణ్నుంచి ఊడిపడింది? 15, 16 శతాబ్దాల్లో ఇంగ్లండ్‌లో చదువుకున్నవాళ్లకి లాటిన్ పిచ్చి బాగా ఉండేది. ఫ్రెంచిలో కోంత్ అని పలికే 'లెక్క' అనే మాటని రాతలో ఎమ్, పీ, టీ పెట్టి రాస్తారు. ఈయన చేసేది లెక్కల పనే కాబట్టి మొదటి సగం కచ్చితంగా ఆ మాటే అయ్యుంటుందని ఊహించుకుని పీ ఇరికించేశారు. ఆ కాలంలో ఇలాంటి సవరణలు చాలా జరిగాయి. అప్పు అనే అర్థంలో వాడే డెట్‌లో బీ, రిసీట్‌లో పీ అప్పుడు చేరినవే, కాకపోతే వాటికి లాటిన్ మూలంలో ఆ అక్షరాలు నిజంగానే ఉన్నాయి. కంప్ట్రోలర్‌కి ఆ ఆధారం కూడా లేదు. (మాటల్లో మాట, మన రశీదుకీ ఈ రిసీట్‌కీ చుట్టరికం లేదు, రశీదు మనకి ఫారసీ నుంచి వచ్చింది.) రాత మారింది గానీ నోరు మారలేదు. అందుకే సంప్రదాయంగా దీన్ని పీ పలక్కుండా కంట్రోలర్ అనే అంటారు. తెలుగులో మనం అక్షరం అక్షరం పలుకుతాం కాబట్టి కంప్ట్రోలర్ అయి కూర్చుంది. ఇప్పుడు అమెరికాలో కూడా పీ వినిపించేలా పలికేవాళ్లు బోలెడుమంది ఉన్నారు, కొన్ని డిక్షనరీలు ఆ ఉచ్చారణ కూడా ఇస్తున్నాయి, కాబట్టి తప్పు పలుకుతున్నామని ఎవరూ సిగ్గుపడాల్సిన పని లేదు.

ఈ ఎదురు చుట్ట పద్ధతి నిజంగా ఎలా నడిచేదో చెప్పడానికి ఓ మంచి ఉదాహరణ ఉంది. ఇంగ్లిష్ కవి జెఫ్రీ ఛాసర్‌ని 1374లో లండన్ రేవులో ఉన్ని మీద సుంకాలకి కంట్రోలర్‌గా వేశారు. సుంకం వసూలు చేసే కలెక్టర్లు వేరే ఉండేవాళ్లు, వాళ్లు లండన్‌లో పేరున్న వ్యాపారులు. వాళ్ల రోల్ వాళ్లు రాసుకునేవాళ్లు. ఛాసర్ అదే రేవులో, అవే మూటలకి తన రోల్ తను రాయాలి, అదీ సొంత చేతిరాతతో రాయాలని నియామకపు షరతుల్లోనే ఉంది. లెక్కల ఖాతా తేల్చే ఎక్స్‌చెకర్‌లో ఈ రెండు రోల్స్‌ని పక్కపక్కన పెట్టి చూస్తారు. కలెక్టర్లు ఎంత వసూలు చేయాలో చెప్పే అధికారం ఛాసర్‌కి లేదు, డబ్బు ఆయన చేతికి రాదు. ఆయన రోల్ ఒకటి అక్కడ ఉంది అన్న సంగతే కలెక్టర్లని ఒళ్లు దగ్గర పెట్టుకునేలా చేయాలి. సొంత చేతిరాత షరతు ఎందుకంటే, గుమాస్తాకి అప్పగిస్తే ఆ గుమాస్తా కలెక్టర్ దగ్గరికెళ్లి ఆయన రోల్ చూసి కాపీ కొట్టేస్తాడు, అప్పుడు రెండు రోల్స్ ఎప్పుడూ సరిపోతాయి, ప్రయోజనం మాత్రం సున్నా.

మన ఊళ్లలో కూడా ఈ ఏర్పాటు ఉండేది. కోస్తాలో, సీమలో శిస్తు వసూలు చేసేది మునసబు, లెక్క రాసేది కరణం. తెలంగాణలో వసూలు మాలీ పటేల్‌ది, లెక్కలు పట్వారీవి. డబ్బు ముట్టుకునేవాడు కలం పట్టడు, కలం పట్టేవాడు డబ్బు ముట్టుకోడు. ఏడాదికోసారి జమాబందీలో పైవాళ్లు ఆ లెక్కలు తిరగేసేవాళ్లు. కాగితం మీద పద్ధతి బాగానే ఉంది. కానీ కరణం దగ్గరున్న రికార్డుకి ఎదురు రికార్డు ఊళ్లో ఇంకెవరి దగ్గరా లేదు, చదువొచ్చినవాళ్లూ తక్కువ, దాంతో సరిచూడాల్సిన మనిషే ఊరికి పెద్ద అధికారం అయిపోయాడు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఈ గ్రామాధికారుల వ్యవస్థని ఎత్తేసినప్పుడు ఊళ్లలో అంత సంబరం జరగడానికి అదో కారణం.

ఇక మన కాగ్ దగ్గరికి వద్దాం. ఈ పేరు మనం బ్రిటన్ నుంచి తెచ్చుకున్నాం. అక్కడ గ్లాడ్‌స్టన్ ఆర్థికమంత్రిగా ఉండగా 1866లో ఓ చట్టం చేసి, అప్పటిదాకా వేరువేరుగా ఉన్న రెండు పనుల్ని ఒకే అధికారికి ఇచ్చారు. ఒకటి కంప్ట్రోలర్ పని. ఖజానాలోంచి డబ్బు బయటికి వెళ్లేముందే అది పార్లమెంటు ఆమోదించిన పద్దుకేనా, ఆమోదించిన మేరకేనా అని చూసి, అవునంటేనే సరే అనడం. రెండోది ఆడిటర్ పని, అంటే ఖర్చయిపోయాక పుస్తకాలు తెరిచి సరిగ్గా ఖర్చు పెట్టారా అని చూడటం. బ్రిటన్‌లో నేటికీ ఆ అధికారి అనుమతి లేకుండా ఖజానా నిధి నుంచి డబ్బు కదలదు.

మన దగ్గర 1935 భారత ప్రభుత్వ చట్టంలో ఈ పదవి పేరు ఉత్తి ఆడిటర్ జనరల్. రాజ్యాంగం రాసుకునేటప్పుడు దానికి ముందు కంప్ట్రోలర్ తగిలించారు. రాజ్యాంగం మొత్తంలో బహుశా ఇంతకంటే ముఖ్యమైన అధికారి లేడని అంబేద్కర్ రాజ్యాంగ సభలో అన్నారు, అంత నమ్మకంతో పెట్టిన పదవి ఇది. సుప్రీంకోర్టు జడ్జితో సమానమైన జీతం, తీసేయాలంటే జడ్జిని తీసేసినంత తతంగం, దిగిపోయాక కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ ఇంకో ప్రభుత్వ పదవి పట్టకూడదని నిషేధం, ఇవన్నీ అందుకే.

కానీ పేరులో ఉన్న కంప్ట్రోలర్ పని మాత్రం మన కాగ్ చేయడు. బ్రిటన్‌లోలాగా డబ్బు వెళ్లేముందు ఆయన సంతకం అవసరం లేదు. ప్రభుత్వ శాఖ చెల్లింపుకి బిల్లు పెడుతుంది, ట్రెజరీ పాస్ చేస్తుంది, డబ్బు పోతుంది, ఆ తర్వాత ఎప్పుడో కాగ్ మనుషులు వచ్చి ఫైళ్లు అడుగుతారు. టీవీ డిబేట్లలో 'ఇన్ని వేల కోట్లు పోతుంటే కాగ్ ఏం చేస్తోంది, ఎందుకు ఆపలేదు' అని అరుస్తుంటారు చూడండి, ఆ ప్రశ్నకి జవాబు ఇదే. ఆపే అధికారం ఆయనకి లేదు, ఆ అధికారం ఉన్నట్టు అనిపించే పేరు మాత్రం ఉంది.

కాళేశ్వరం సంగతే చూడండి. 2016లో పనులు మొదలయ్యాయి, 2019 జూన్‌లో ప్రారంభోత్సవం అయింది, 2023 అక్టోబర్‌లో మేడిగడ్డ దగ్గర పిల్లర్లు కుంగాయి. కాగ్ నివేదిక అసెంబ్లీ ముందుకొచ్చింది 2024 ఫిబ్రవరిలో. కేంద్ర జల సంఘానికి సుమారు 81 వేల కోట్లని చెప్పిన ప్రాజెక్టు ఖర్చు 1.47 లక్షల కోట్లు దాటుతుందని అందులో రాశారు. రాజకీయంగా దాన్ని ఎవరు ఎలా వాడుకున్నారన్నది పక్కన పెట్టండి, తేదీలు చూస్తే చాలు, ఇది జరిగినదాని మీద నివేదిక తప్ప జరగబోయేదాని మీద గేటు కాదు. ఆ నివేదిక గవర్నర్‌కి వెళ్లి, సభలో పెట్టాక సభ్యులతో ఉండే పబ్లిక్ అకౌంట్స్ కమిటీ దాన్ని పట్టుకుని అధికారుల్ని పిలిచి అడగాలి. సభలో ఎప్పుడు పెట్టాలన్నది ప్రభుత్వం చేతిలో పని, గడువంటూ ఏదీ రాజ్యాంగంలో రాయలేదు, అందుకే చాలాసార్లు సమావేశాల చివరిరోజు హడావిడిగా బల్ల మీద పడుతుంది, చర్చకి టైం ఉండదు.

మరి డబ్బు వెళ్లేముందు చూసే ఆ పాత కంప్ట్రోలర్ పని మన రాష్ట్రాల్లో ఎవరు చేస్తున్నారు? జిల్లా ట్రెజరీలో, సబ్ ట్రెజరీలో కూర్చునే ఎస్టీఓ (సబ్ ట్రెజరీ ఆఫీసర్) గారు, రాజధానిలో అయితే పే అండ్ అకౌంట్స్ ఆఫీసు. టీచర్ల ఎరియర్స్ బిల్లు మీద డీడీఓ, అంటే బిల్లులు చేసే అధికారి, సంతకం పెట్టి పంపిస్తే, అబ్జెక్షన్ రాసి వెనక్కి కొట్టేది వాళ్లే. బడ్జెట్ ఉందా, జీవో ఉందా, హెడ్ ఆఫ్ అకౌంట్, అంటే ఖర్చు రాసే పద్దు, సరైనదేనా, లెక్క కూడిక సరిపోయిందా అని చూడటం అచ్చంగా 1866 నాటి పనే. ఆంధ్రప్రదేశ్‌లో సీఎఫ్ఎంఎస్, తెలంగాణలో ఐఎఫ్ఎంఐఎస్ అనే ఆన్‌లైన్ చెల్లింపుల వ్యవస్థలు వచ్చాక ఇందులో చాలా భాగం కంప్యూటర్‌కి పోయింది. కాకపోతే వీళ్లంతా ఆర్థికశాఖ కింద పనిచేసేవాళ్లే, పైనుంచి ఫలానా బిల్లు ఆపమంటే ఆపాలి, పంపమంటే పంపాలి. అన్నీ సరిగా ఉండి టోకెన్ నంబరు కూడా పడ్డాక నెలల తరబడి ఆగిపోయిన బిల్లుల గురించి కాంట్రాక్టర్లని, రిటైరైన ఉద్యోగుల్ని అడగండి, చెబుతారు. స్వతంత్రంగా ఉండాల్సిన గేటు ఆర్థికశాఖ చేతిలో ఉంది, స్వతంత్రంగా ఉన్న కాగ్ దగ్గర గేటు లేదు. నాకైతే మొత్తం వ్యవహారంలో ఇదే పెద్ద మెలిక అనిపిస్తుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. 1976లో కేంద్ర ప్రభుత్వ లెక్కలు రాసే పనిని కాగ్ నుంచి తప్పించి, ఆర్థికశాఖ కింద కంట్రోలర్ జనరల్ ఆఫ్ అకౌంట్స్ (సీజీఏ) అని కొత్త పదవి పెట్టి ఆయనకి ఇచ్చారు. లెక్క రాసేవాడూ తనిఖీ చేసేవాడూ ఒకరే అయితే ఎలా అన్నది అందులో ఒక వాదన. రాష్ట్రాల్లో మాత్రం ఆ మార్పు జరగలేదు. ఇప్పటికీ రాష్ట్ర ప్రభుత్వ లెక్కలు కూర్చేది కాగ్ కింద ఉండే అకౌంటెంట్ జనరల్ ఆఫీసే, హైదరాబాద్‌లో సైఫాబాద్ ఏజీ ఆఫీసు అంటే ఆటోవాలాకి కూడా తెలుసు. చాలామంది రాష్ట్ర ఉద్యోగులకి జీపీఎఫ్ స్లిప్ వచ్చేదీ, రిటైరయ్యేటప్పుడు పెన్షన్ ఫైలు వెళ్లేదీ అక్కడికే. ఆడిట్ చేసే ఏజీ ఆఫీసు వేరే, లెక్కలు రాసే ఏజీ ఆఫీసు వేరే, కానీ ఇద్దరి పైబాస్ ఒక్కరే. ప్రస్తుతం ఆ బాస్ మనవాడే, 2024 నవంబర్‌లో బాధ్యతలు తీసుకున్న కె. సంజయ్ మూర్తి, అమలాపురం మాజీ ఎంపీ కేఎస్ఆర్ మూర్తి గారి అబ్బాయి.

గమనించారో లేదో, కాగ్‌లో కంప్ట్రోలర్‌కి పీ ఉంది, 1976లో వచ్చిన సీజీఏలో కంట్రోలర్‌కి ఎన్ ఉంది. రక్షణ శాఖ లెక్కలు చూసే సికింద్రాబాద్ సీడీఏలో కూడా ఎన్నే. ఈ రెండింటికీ అధికారంలో తేడా ఉందని అనుకోకండి. మొదట కాగితం మీద ఏది రాశారో అది నిలిచిపోయింది, అంతే. యూనివర్సిటీల్లో పరీక్షల కంట్రోలర్‌కి డబ్బుతో సంబంధం లేదు కాబట్టి అక్కడ ఎన్ రావాలి, కొన్ని నోటీసుల్లో గొప్పగా ఉంటుందని పీ పెట్టేస్తుంటారు, అది పొరపాటు. కానీ లాంలో ఉన్న ఎన్జీ రంగా వ్యవసాయ యూనివర్సిటీలో గానీ, రాజేంద్రనగర్ వ్యవసాయ యూనివర్సిటీలో గానీ ఆర్థిక విభాగం పెద్దని కంప్ట్రోలర్ అనే అంటారు, అదే పనిని మిగతా యూనివర్సిటీల్లో ఫైనాన్స్ ఆఫీసర్ అంటారు. మన వ్యవసాయ యూనివర్సిటీల్ని అమెరికాలో ప్రభుత్వం ఇచ్చిన భూములతో పుట్టిన ల్యాండ్ గ్రాంట్ యూనివర్సిటీల నమూనాలో కట్టారు, ఆ పేరు కూడా అక్కణ్నుంచే వచ్చి ఉంటుంది.

అమెరికా అన్నాం కాబట్టి, అక్కడున్న తెలుగువాళ్లకి ఈ మాట మనకంటే ఎక్కువగా తగులుతుంది. డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్‌లోనో ఫ్రిస్కోలోనో బిర్యానీ సెంటర్ పెడితే సేల్స్ టాక్స్ పర్మిట్ తెచ్చుకోవాల్సింది టెక్సస్ కంప్ట్రోలర్ దగ్గర, ఎందుకంటే అక్కడ సేల్స్ టాక్స్ వసూలు చేసే అధికారి ఆయనే. రాష్ట్రానికి 6.25 శాతం, స్థానికంగా ఇంకో రెండు శాతం దాకా. వసూలు చేసేవాడికి ఎదురుగా ఉండాల్సిన మనిషి అక్కడ తనే వసూలుదారు! పైగా 1996లో టెక్సస్ తన ట్రెజరీ శాఖని కూడా ఎత్తేసి ఆ పనులు ఆయనకే కట్టబెట్టింది. ఆయన్ని ప్రజలే ఓటేసి ఎన్నుకుంటారు. న్యూయార్క్ రాష్ట్రంలో కంప్ట్రోలర్ అంటే ప్రభుత్వ లెక్కలు ఆడిట్ చేసేవాడు, ఉద్యోగుల పెన్షన్ నిధికి ఏకైక ట్రస్టీ కూడా. కాలిఫోర్నియాలో ఇదే తరహా పదవికి ఎన్ స్పెల్లింగ్. ఫ్లోరిడా 2003లో కంప్ట్రోలర్‌నీ ట్రెజరర్‌నీ కలిపేసి చీఫ్ ఫైనాన్షియల్ ఆఫీసర్ అని పేరు పెట్టింది. ఇక కేంద్రంలో కంప్ట్రోలర్ ఆఫ్ ది కరెన్సీ అని ఇంకొకాయన. 1863లో ప్రైవేటు బ్యాంకులే నోట్లు వేసే రోజుల్లో ఆ నోట్లకి తగిన బాండ్లు పూచీగా పెట్టారా లేదా అని చూడటానికి పెట్టిన పదవి అది. ఆ నోట్లు 1930లలోనే పోయాయి, పేరు మాత్రం మిగిలింది, ఇప్పుడు ఆయన పని నేషనల్ బ్యాంకుల మీద పర్యవేక్షణ. కరెన్సీ ఊసే లేదు.

అన్నింటిలోకీ ఇలినాయ్ కథ చెప్పుకోదగ్గది. అక్కడ చెల్లింపులు రాసేది కంప్ట్రోలర్, డబ్బు దాచేది ట్రెజరర్, ఇద్దరూ వేర్వేరుగా ఎన్నికవుతారు. ఆడిట్ చేసే ఆడిటర్ జనరల్ ఇంకో మనిషి. ఆడిట్‌ని ఇలా ఎందుకు విడగొట్టారంటే, 1956 దాకా ఆడిటర్ ఆఫ్ పబ్లిక్ అకౌంట్స్ అనే ఒక్క పదవిలోనే చెల్లింపు ఉత్తర్వులు రాయడమూ, లెక్కలు చూడటమూ కలిసి ఉండేవి. ఆ కుర్చీలో ఉన్న ఆర్విల్ హాడ్జ్ దొంగ పేర్ల మీద చెక్కుల్లాంటి చెల్లింపు వారెంట్లు రాసుకుని 15 లక్షల డాలర్ల పైచిలుకు నొక్కేశాడు, ఓ పత్రిక బయటపెట్టాక జైలుకెళ్లాడు. 1970లో కొత్త రాజ్యాంగం రాసుకున్నప్పుడు కంప్ట్రోలర్‌ని, ఆడిటర్ జనరల్‌ని రెండుగా చీల్చేశారు. ఛాసర్‌ని సొంత చేత్తో రాయమన్న కారణమే ఇక్కడా పనిచేసింది.

ఇక కంపెనీల సంగతి. ఇక్కడ దాదాపు ఎప్పుడూ కంట్రోలరే, ఎన్‌తోనే. మన కంపెనీల చట్టం 2013 ప్రకారం లిస్టెడ్ కంపెనీకి సీఎఫ్ఓ తప్పనిసరి, కానీ ఫైనాన్షియల్ కంట్రోలర్ అనే పదవి గురించి చట్టంలో మాటే లేదు, ఏ కంపెనీ ఇష్టం దానిది. మామూలుగా సీఎఫ్ఓ కింద ఇద్దరుంటారు. ట్రెజరర్ చూసేది రేపటి డబ్బు, అంటే బ్యాంకుల్లో ఎంతుంది, అప్పు ఎక్కడ తేవాలి, డాలర్ రేటు మారితే ఏం చేయాలి. కంట్రోలర్ చూసేది జరిగిపోయిన డబ్బు లెక్క, నెలాఖరు క్లోజింగ్, ఖాతాల సర్దుబాటు, ఆడిటర్లు అడిగే కాగితాలు, ఎవరు ఎంతవరకు సంతకం పెట్టొచ్చు అన్న కట్టుబాట్లు. హైటెక్ సిటీలో విదేశీ కంపెనీల సెంటర్లలో కంట్రోలర్‌షిప్ టీం అని వింటుంటారే, వాళ్ల పని ఇది. బయటి ఆడిటర్ వేరు, ఆయన కంపెనీ మనిషి కాదు, కంట్రోలర్ తయారుచేసిన లెక్కల్ని చూసి అభిప్రాయం చెబుతాడు.

అమీర్‌పేటలో శాప్ ఫైకో (కంపెనీల లెక్కల సాఫ్ట్‌వేర్) నేర్చుకున్నవాళ్లకి ఇక్కడ ఇంకో తిరకాసు. ఫై అంటే ఫైనాన్షియల్ అకౌంటింగ్, కో అంటే కంట్రోలింగ్. శాప్ జర్మన్ కంపెనీ, జర్మన్ వాడుకలో కంట్రోలింగ్ అంటే తనిఖీ కన్నా ఎక్కువగా ఖర్చులు ఏ విభాగంలో ఎంత అవుతున్నాయో చూసి వ్యాపారాన్ని నడిపించుకోవడం. కాస్ట్ సెంటర్, ప్రాఫిట్ సెంటర్, ఇంటర్నల్ ఆర్డర్ అన్నీ అందులోవే. కాబట్టి కో మాడ్యూల్ బాగా వచ్చినంత మాత్రాన ఫైనాన్షియల్ కంట్రోలర్ ఉద్యోగానికి అర్హత వచ్చేసినట్టు కాదు, ఆ ఉద్యోగంలో ఎక్కువ భాగం నిజానికి ఫై వైపే ఉంటుంది.

కంపెనీల్లో ఎదురు రోల్ అంటే ఏంటి? అన్నింటికంటే ముందు బ్యాంక్ స్టేట్‌మెంట్. మన పుస్తకం మనం రాసుకున్నాం, అవే లావాదేవీల్ని బ్యాంకు తన పుస్తకంలో విడిగా రాసింది, రెండూ కలవాలి. బీఆర్ఎస్ అని బీకాంలో నేర్పేది ఇదే (పార్టీ కాదు, బ్యాంక్ రీకన్సిలియేషన్ స్టేట్‌మెంట్). సత్యం కుంభకోణంలో తెగింది సరిగ్గా ఈ తాడే. 2009 జనవరి 7న రామలింగరాజు రాసిన లేఖ ప్రకారం పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వలుగా చూపించిన 5,361 కోట్లలో 5,040 కోట్లు అసలు లేవు. బ్యాంకు పేరుతో ఉండాల్సిన స్టేట్‌మెంట్లు, డిపాజిట్ రసీదులు కూడా నకిలీవి తయారయ్యాయని తర్వాత దర్యాప్తులో తేలింది. అంటే రెండో రోల్ కూడా మొదటి రోల్ రాసిన వైపు నుంచే వచ్చింది. అప్పుడు ఎంతమంది సరిచూసినా సరిపోతూనే ఉంటుంది.

ఇప్పుడు వాడుక. ప్రభుత్వ పదవుల పేర్లని మార్చకూడదు, అధికారికంగా ఎలా ఉంటే అలాగే, కాగ్‌కి పీ, సీజీఏకి ఎన్. తెలుగులో రాసేటప్పుడు హిందీ 'నియంత్రక్'ని చూసి నియంత్రకుడు అని రాయడం నాకు నచ్చదు, లేని అధికారాన్ని ఇంకాస్త పెంచి చూపించినట్టు ఉంటుంది, దానికంటే కంప్ట్రోలర్ అని వదిలేసి పక్కన ఒక్క వాక్యంలో పని ఏంటో చెప్పడం మేలు. కోశాధికారి అనైతే అస్సలు రాయొద్దు, అది ట్రెజరర్‌కి చెందిన మాట, మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో మెయింటెనెన్స్ డబ్బులు దగ్గర పెట్టుకునే ఆయనది. రెజ్యూమేలో రాసుకునేవాళ్లు ప్రైవేటు ఉద్యోగమైతే ఎన్ స్పెల్లింగే పెట్టుకోండి, పీ పెడితే అవతలివాళ్లు ఏదో ప్రభుత్వాఫీసు అనుకుంటారు. ఉద్యోగ ప్రకటనలో ఫైనాన్షియల్ కంట్రోలర్ అని కనిపిస్తే పేరు చూసి పొంగిపోకుండా రెండు సంగతులు అడగండి. ఎవరికి రిపోర్ట్ చేయాలి, చెల్లింపులకి సంతకం పెట్టే అధికారం కూడా మీకే ఇస్తారా? సీఎఫ్ఓకి కాకుండా సేల్స్ హెడ్‌కి రిపోర్ట్ చేయాలన్నా, చెక్కుల మీద సంతకమూ లెక్కల పుస్తకమూ రెండూ మీకే అప్పగిస్తామన్నా, జీతం ఎంతైనా సరే కాస్త ఆలోచించుకుని చేరండి.